పార్క్‌లేన్‌లో నీళ్ల కంప్యూటర్లు

సికింద్రాబాద్‌లో ప్యారడైజ్ దగ్గర మెట్రో దిగితే ముందు పలకరించేది బిర్యానీ వాసన. అది దాటి పార్క్‌లేన్ వైపు నడిస్తే వాసన మారిపోతుంది. అప్పుడే విప్పిన అట్టపెట్టెలు, కొత్త ప్లాస్టిక్, ఏ మూల నుంచో సోల్డరింగ్ పొగ... చెనాయ్ ట్రేడ్ సెంటర్ వచ్చేసినట్టే. ఆ పేరు చెబితే ఆటో డ్రైవరు ఒక్క క్షణం ఆలోచిస్తాడేమో గానీ, ‘సీటీసీ’ అంటే చాలు. రెండు తెలుగు రాష్ట్రాల్లో సొంత కంప్యూటర్ కోసం కలలుగన్న ఎన్నో ఇళ్లకు అది తెలిసిన చిరునామా.

1990ల చివర్లో, 2000ల్లో ఇంటర్నెట్ సెంటర్ పెట్టుకునే కుర్రాళ్లు, ఇంజినీరింగ్‌లో చేరిన పిల్లల తండ్రులు చేతిలో చీటీతో ఈ మెట్లు ఎక్కేవారు. ప్రాసెసర్, మదర్‌బోర్డు, ర్యామ్, హార్డ్ డిస్క్, మానిటర్, క్యాబినెట్... చీటీలో అంతే ఉండేది. ఇప్పుడు యానిమేషన్ నేర్చుకునే అమ్మాయో, వీడియో ఎడిటింగ్ చేసే అబ్బాయో, ఆటల పిచ్చి ఉన్న ఇంటర్ కుర్రాడో తెచ్చే చీటీలో ఇంకో పేరు కనిపిస్తోంది. రేడియేటర్!

పక్కనున్న నాన్నకు అనుమానం రావడం సహజమే. కారుకు ఉండాల్సిన రేడియేటర్ కంప్యూటర్‌కెందుకు? కరెంటుతో నడిచే పెట్టెలో నీళ్లా? కారితే? నెలకోసారి నీళ్లు మార్చాలా? లక్ష రూపాయలు దాటే బిల్లు ముందు పెట్టుకుని ఎవరైనా అడగాల్సిన ప్రశ్నలే ఇవి. వాటికి జవాబులు పెట్టె మీద అచ్చేసి ఉండవు. కౌంటర్ అవతల స్క్రూ డ్రైవర్ పట్టుకున్న చేతుల్లో ఉంటాయి.

రాణిగంజ్‌కు చుట్టమే!

పార్క్‌లేన్ నుంచి రాణిగంజ్ ఎంతో దూరం లేదు. అక్కడి దుకాణాల నిండా పంపులు, పైపులు, బేరింగులు, మోటారు విడిభాగాలు. రాణిగంజ్‌లో లారీకి దొరికే సరుకూ, సీటీసీలో కంప్యూటర్‌కు దొరికే సరుకూ పనిలో ఒకటే. రెండు చివర్లా చిన్న తొట్లు, వాటిని కలుపుతూ బల్లపరుపు గొట్టాలు, గొట్టాల మధ్య అల్లికలా ముడతలు పడిన పల్చటి రేకులు. వేడెక్కిన నీరు గొట్టాల్లో పోతుంటే రేకుల మధ్య నుంచి ఫ్యాన్ గాలి దూసుకెళ్లి ఆ వేడిని పట్టుకుపోతుంది. లారీలో ఇంజిన్ ఉన్నచోట ఇక్కడ ప్రాసెసర్ ఉంటుంది. అంతే తేడా.

అంత వేడి ఎక్కణ్నుంచి వస్తోంది? 1989లో వచ్చిన 486 ప్రాసెసర్లు మొదట్లో ఫ్యాన్ లేకుండానే పనిచేసేవి. 1993లో పెంటియం వచ్చాక నెత్తిన ఫ్యాన్ మామూలైంది. 2023లో వచ్చిన ఇంటెల్ కోర్ ఐ9-14900కే పూర్తి వేగంతో పనిచేస్తే 253 వాట్ల దాకా కరెంటు తాగుతుందని కంపెనీ లెక్కే చెబుతుంది. ఇంట్లో పాత రకం సీలింగ్ ఫ్యాన్లు మూడు తిరిగేంత కరెంటు అది. అదంతా అగ్గిపెట్టెడు ముక్కలో వేడిగా మారుతుంది. ఆ వేడి 100 డిగ్రీలకు చేరితే ప్రాసెసర్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించేసుకుంటుంది. డబ్బు పోసి కొన్న వేగం అక్కడే ఆవిరి!

నీటికున్న గుణం ఇక్కడ అక్కరకొస్తుంది. ఒక లీటరు నీటిని ఒక డిగ్రీ వేడెక్కించే వేడితో దాదాపు 3,500 లీటర్ల గాలిని ఒక డిగ్రీ వేడెక్కించొచ్చు. అంటే కొద్దిపాటి నీరే బోలెడంత వేడిని మోసుకుపోగలదు. ఈ సంగతి కొత్తదేం కాదు. ఐబీఎం 1960ల్లోనే పెద్ద కంప్యూటర్లకు నీళ్ల గొట్టాలు వేసింది. ఆపిల్ 2004లో తెచ్చిన పవర్ మ్యాక్ జీ5లో పెద్ద మోడల్‌కు ద్రవంతో చల్లబరిచే అమరిక పెట్టింది. దాన్ని తయారుచేసిన డెల్ఫీ కార్ల విడిభాగాల సంస్థ కావడం విశేషం. అయితే కొన్నేళ్లకు వాటిలో కొన్ని కారాయి కూడా. 2009లో డెన్మార్క్ సంస్థ ఆసెటెక్ తయారుచేయగా కోర్సెయిర్ పేరుతో వచ్చిన హెచ్50 లాంటి సీలు వేసిన కూలర్లతో ఈ పద్ధతి మామూలు ఇళ్లలోకి అడుగుపెట్టింది. పంపు, గొట్టాలు, రేడియేటర్, ద్రవం... అన్నీ ఫ్యాక్టరీలోనే కలిపి బిగించేస్తారు. కొన్నవాళ్లు నీళ్లు పోయక్కర్లేదు, మార్చక్కర్లేదు. బిగించుకోవాలి, అంతే. అసలు కథంతా ఆ బిగించడంలోనే ఉంది.

360 అంటే 360 కాదు

‘క్యాబినెట్ ఏది?’ లిక్విడ్ కూలర్ కావాలన్నవాళ్లకు తెలిసిన దుకాణదారు నుంచి ముందు ఎదురయ్యే ప్రశ్న ఇదే. బ్రాండు, రంగు, లైట్లు ఆ తర్వాతి మాట. ఎందుకంటే రేడియేటర్ కొలతల్లో కొత్తవాళ్లను బోల్తా కొట్టించే కిటుకు ఒకటుంది.

రేడియేటర్లను 120, 240, 360 అని పిలుస్తారు. ఆ అంకె ఫ్యాన్ల లెక్క. 120 మిల్లీమీటర్ల ఫ్యాన్లు రెండు పడితే 240, మూడు పడితే 360. 140 మిల్లీమీటర్ల ఫ్యాన్లయితే 280, 420. కానీ రేడియేటర్ చివర్లలో తొట్లుంటాయి కదా! వాటితో కలిపితే 240 రకం పొడవు దాదాపు 275 మిల్లీమీటర్లు, 360 రకం దాదాపు 395 మిల్లీమీటర్లు అవుతుంది. ఇంట్లో స్కేలు పెట్టి చూసి, 360 మిల్లీమీటర్ల చోటుంది కదా అని ఆన్‌లైన్లో తెప్పించుకున్నవారికి పెట్టె విప్పాక మూడున్నర సెంటీమీటర్లు తక్కువొస్తుంది. అక్కడ బలవంతం పనికిరాదు.

పొడవొక్కటే చూస్తే సరిపోదు, మందమూ చూడాలి. మామూలు రేడియేటర్ మందం 27 మిల్లీమీటర్లు, దానికి తగిలించే ఫ్యాన్ 25. మొత్తం 52. అంటే అయిదు సెంటీమీటర్ల పైమాటే. ఈ దిమ్మను క్యాబినెట్లో పైకప్పుకు బిగించొచ్చు, ముందు గోడకు బిగించొచ్చు. ఎక్కడ పెట్టినా పొరుగువారితో తగాదా తప్పదు.

పైకప్పుకు బిగిస్తే తగాదా ర్యామ్‌తో. మామూలు ర్యామ్ ఎత్తు మూడు సెంటీమీటర్ల పైచిలుకు. లైట్లు, రేకు కవచాలు ఉన్నవైతే నాలుగున్నర సెంటీమీటర్లు కూడా దాటుతాయి. కిందికి వేలాడే ఫ్యాన్ అంచు సరిగ్గా వాటి నెత్తినే కూర్చుంటుంది. మదర్‌బోర్డు పై అంచున ఉండే లోహపు దిమ్మలు ఇంకో అడ్డు. 280 రేడియేటర్ 240 కన్నా వెడల్పు కాబట్టి అది ఇంకాస్త ముందుకొచ్చి తగులుతుంది. అందుకే పైన 360 పట్టిన క్యాబినెట్లోనే 280 పట్టకపోవడం చూసి కొత్తవాళ్లు తెల్లబోతుంటారు.

ముందు గోడకు బిగిస్తే తగాదా గ్రాఫిక్స్ కార్డుతో. ఇప్పటి పెద్ద కార్డులు 300 మిల్లీమీటర్లు దాటి ఉంటున్నాయి. ఉదాహరణకు ఖాళీ క్యాబినెట్లో 380 మిల్లీమీటర్ల కార్డు పడుతుందని రాసి ఉందనుకుందాం. ముందు 52 మిల్లీమీటర్ల దిమ్మ వచ్చి కూర్చుంటే మిగిలేది 328. కార్డు పొడవు 336 అయితే 8 మిల్లీమీటర్ల దగ్గర పెళ్లి ఆగిపోయినట్టే! ఈ తీసివేత లెక్క బిల్లు రాయకముందే చేసి చెప్పే దుకాణం దొరికిందంటే సగం డబ్బు మిగిలినట్టే.

నీరు పల్లమెరుగు... గాలి మెరకెరుగు

పట్టింది కదా అని ఎలా పడితే అలా పెట్టేయకూడదు. సీలు వేసిన కూలర్లో కూడా నీటితోపాటు కాస్త గాలి ఉంటుంది. గొట్టాల గోడల్లోంచి ఏళ్ల తరబడి నీటి ఆవిరి కొద్దికొద్దిగా బయటికి పోతుంటే ఆ గాలి చోటు పెరుగుతూ ఉంటుంది. నీరు పల్లానికి చేరినట్టే గాలి బుడగ ఎప్పుడూ ఎత్తైన చోటికి చేరుతుంది. ఆ ఎత్తైన చోటు పంపు కాకూడదు. ఈ పనిలో గుర్తుంచుకోవాల్సిన మొదటి సూత్రం ఇదే.

చాలా కూలర్లలో పంపు ప్రాసెసర్ మీద ఉంటుంది. రేడియేటర్‌ను పైకప్పుకు బిగిస్తే అది పంపు కన్నా ఎత్తులో ఉంటుంది కాబట్టి బుడగ వెళ్లి రేడియేటర్ తొట్టిలో చేరి హాయిగా ఉంటుంది. ముందు గోడకు నిలువుగా పెడితే గొట్టాలు కింది వైపుకు ఉండేలా, రేడియేటర్ పై అంచు పంపు కన్నా ఎత్తులో ఉండేలా చూడాలి. అదే రేడియేటర్‌ను క్యాబినెట్ అడుగున పడుకోబెడితే? బుడగ నేరుగా పంపులోకొస్తుంది. నీళ్లు లేని బోరు మోటారు నడిచినట్టే. మొదట గరగర చప్పుడు, తర్వాత వేడి, చివరికి పంపు పాడవడం. ఊళ్లో మోటారుకు గాలి పట్టడం చూసినవాళ్లకు ఈ ముక్క విడమరిచి చెప్పక్కర్లేదు.

మరి పైనా, ముందా? రెంటికీ మంచీ చెడూ ఉన్నాయి. ముందు పెడితే బయటి గాలి నేరుగా రేడియేటర్‌కు తగులుతుంది, ప్రాసెసర్‌కు మేలు. కానీ ఆ వేడి గాలి పెట్టెలోకే వచ్చి గ్రాఫిక్స్ కార్డును సతాయిస్తుంది. పైన పెడితే వేడి అటు నుంచటే బయటికి పోతుంది. కానీ గ్రాఫిక్స్ కార్డు వేడెక్కించిన గాలే రేడియేటర్‌కు దక్కుతుంది. ఆటలాడేవారికి కార్డు ముఖ్యం కాబట్టి పైన బిగించడం మేలు. రాత్రంతా ప్రాసెసర్‌తో రెండరింగ్ చేయించే యానిమేషన్ విద్యార్థులకు ముందు గోడ లాభించొచ్చు. కంప్యూటర్‌తో చేసే పనేమిటో అడగకుండా రేడియేటర్ పెట్టే చోటు చెప్పేవాళ్ల మాట నమ్మనవసరం లేదు.

మరల దగ్గర జాగ్రత్త

కొలతలు కుదిరాక చేతులకు పని. అనుభవమున్న మెకానిక్ రేడియేటర్‌ను వెంటనే ముట్టుకోడు. ముందు మదర్‌బోర్డు పై మూలన ఉండే ప్రాసెసర్ కరెంటు వైరు తగిలిస్తాడు. రేడియేటర్ పైన కూర్చున్నాక ఆ మూలకు వేళ్లు దూరవు మరి. వైరు మరిచిపోతే చేసిన పనంతా విప్పుకోవాల్సిందే.

తర్వాత మరలు. పెట్టెలో రెండు రకాలొస్తాయి. ఫ్యాన్ మందం దాటి రేడియేటర్‌ను పట్టుకునేవి పొడవైనవి, దాదాపు 30 మిల్లీమీటర్లు. రేడియేటర్‌ను నేరుగా క్యాబినెట్‌కు బిగించేవి పొట్టివి, ఆరేడు మిల్లీమీటర్లు. పొట్టిది పెట్టాల్సిన చోట పొడవైనది పెట్టి తిప్పారో, మర లోపలికి దిగి నీళ్ల గొట్టాన్ని పొడుస్తుంది. సీలు వేసిన కూలర్ దాంతో చెత్తబుట్టకే. వేలితో గట్టిగా నొక్కినా రేకులు వంగిపోయేంత సున్నితం ఈ సరుకు. అందుకే మరలను ఒకేసారి బిగించరు. అన్నింటినీ సగం సగం తిప్పి, అంతా సరిగ్గా కూర్చుందని చూసుకున్నాక ఒక్కోటీ బిగిస్తారు. లారీ చక్రానికి బోల్టులు బిగించే పద్ధతే.

ఫ్యాన్ ఏ వైపు తిరిగి ఉండాలో కూడా చూసుకోవాలి. మామూలు ఫ్యాన్లలో ఇరుసును పట్టుకున్న అడ్డ పుల్లలు కనిపించే వైపు నుంచి గాలి బయటికొస్తుంది. పైకప్పు ఫ్యాన్లు గాలిని బయటికి నెట్టాలి, ముందు గోడవి లోపలికి లాగాలి. రెండూ ఒకదానికొకటి ఎదురైతే వేడి పెట్టెలోనే గిరగిరా తిరుగుతుంది.

ఇక ప్రాసెసర్ మీద పేస్టు. శనగ గింజంత చాలు. పంపు అడుగునున్న రాగి పలకకు అంటించిన ప్లాస్టిక్ కాగితం పీకాలి. అది పీకకుండా బిగించేసి, కూలర్ పనిచేయట్లేదని తిరిగి తెచ్చేవారు ప్రతి ఊళ్లోనూ ఉంటారు! ఆఖరున వైర్లు. పంపు ఎప్పుడూ పూర్తి కరెంటు అందే చోట, ఫ్యాన్లు వేడిని బట్టి వేగం మారే చోట తగిలించాలి. స్విచ్ వేశాక కాసేపు గులగుల బుడగల చప్పుడు వస్తుంది. కొద్ది నిమిషాల్లో అది సద్దుమణగాలి. అరగంట పాటు ప్రాసెసర్‌తో గట్టిగా పనిచేయించి, వేడి ఒక దగ్గర నిలబడిందా, ఎక్కుతూనే పోతోందా చూస్తారు. నిలబడితే పని అయినట్టు.

హైదరాబాద్ ఎండకు ఆగుతుందా?

లిక్విడ్ కూలర్ అంటే ఫ్రిజ్ అనుకునేవారు ఉన్నారు. కాదు. రేడియేటర్ వేడిని ఒకచోటి నుంచి ఇంకోచోటికి మోస్తుంది, మాయం చేయదు. గదిలో ఎంత వేడి ఉంటే అంతకన్నా చల్లగా నీటిని చేయడం దానివల్ల కాదు. మే నెలలో బయట 40 డిగ్రీలు దాటినప్పుడు, డాబా కింద గది 37, 38 డిగ్రీలుంటే లెక్క అక్కడి నుంచే మొదలవుతుంది. బల్ల కింద గోడకు ఆనించి పెట్టిన క్యాబినెట్‌కు ఎంత ఖరీదైన రేడియేటర్ బిగించినా వదిలిన వేడే మళ్లీ పీలుస్తుంది. జానెడు దూరం జరిపితే వచ్చే లాభం పైసా ఖర్చు లేనిది.

ఎండ ఒకెత్తు, దుమ్ము ఒకెత్తు. రేడియేటర్ రేకుల సందులు అతి సన్నం. ముందున్న జాలీ దులపకపోతే కొన్ని నెలలకే దుమ్ము దుప్పటిలా పట్టేస్తుంది. ఫ్యాన్ల చప్పుడు పెరిగితే పంపు పోయిందని కంగారు పడే ముందు బ్రష్షు తీసుకోవడం మంచిది. తుడిచేటప్పుడు ఫ్యాన్ రెక్కలు తిరగకుండా వేలితో పట్టుకోవాలి.

కారుతుందన్న భయం మాటేమిటి? సీలు వేసిన కూలర్లు కారడం అరుదే కానీ అసలు లేకపోలేదు. లోపల ఉండేది ఉత్త నీరు కాదు, గ్లైకాల్, తుప్పు పట్టనివ్వని మందులు కలిపిన ద్రవం. అయినా గ్రాఫిక్స్ కార్డు మీద పడితే నష్టం తప్పదు. అందుకే కొనేటప్పుడు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. కూలర్ కారితే కూలర్ ఒక్కటే మార్చిస్తారా, పాడైన మిగతా భాగాలకు కూడా పూచీ ఉందా? కొన్ని కంపెనీలు ఆ పూచీ కూడా ఇస్తాయి. అయిదారేళ్ల వారంటీ ఇచ్చేవీ ఉన్నాయి. బిల్లు మీద నంబర్లు సరిగ్గా పడ్డాయో లేదో చూసుకోవడం కొన్నవారి పని.

ఇంకో నిజం కూడా చెప్పుకోవాలి. అందరికీ రేడియేటర్ అక్కర్లేదు. ఇంటి లెక్కలకు, చదువుకు, మామూలు ఆటలకు సరిపడే మధ్యరకం ప్రాసెసర్‌కు రెండు మూడు వేల రూపాయల గాలి కూలర్ చాలు. అందులో పాడయ్యేది ఫ్యాన్ ఒక్కటే, అది మార్చుకోవడమూ తేలిక. రేడియేటర్ల ధరలు చూస్తే మంచివి అయిదారు వేల నుంచి మొదలై ఇరవై వేలు కూడా దాటుతాయి. ఆ తేడాతో ఇంకాస్త ర్యామ్ వస్తుంది, మంచి పవర్ సప్లై వస్తుంది. అద్దం వెనుక రంగురంగుల లైట్లు తిరుగుతుంటే ముచ్చటే. కానీ ముచ్చటకు ఎంత, అవసరానికి ఎంత అని ఇంట్లో కూర్చుని లెక్క వేసుకోవాల్సింది కౌంటర్ ముందుకు రాక ముందే.

బస్సెక్కే ముందు

సామాను ఇప్పుడు ఫోన్‌లో నొక్కితే ఇంటికొస్తోంది. ధర కూడా ఒక్కోసారి తక్కువే. అయినా పార్క్‌లేన్ మెట్లు ఎక్కేవారు ఎక్కుతూనే ఉన్నారు. కొందరైతే ఆన్‌లైన్లో తెప్పించుకున్న రేడియేటర్‌ను చంకలో పెట్టుకుని, బిగించి పెట్టండన్నా అంటూ వస్తారు. సరుకు ఎక్కడైనా దొరుకుతుంది. టేపు పెట్టి కొలిచి, ‘ఇది నీ క్యాబినెట్లో పట్టదు తమ్ముడూ’ అని అమ్మకం పోయినా సరే చెప్పే మనిషి మాత్రం ఎక్కడపడితే అక్కడ దొరకడు. ఇలాంటి బజారుకు ఇప్పటికీ మిగిలున్న బలం అదే. ఆ మాట చెప్పడం మానేసిన దుకాణానికి ఫోన్‌లోని దుకాణంతో పోటీ పడేందుకు ధర తప్ప వేరే ఏమీ మిగలదు.

బిగించిన పెట్టె ఇల్లు చేరడం కూడా ఓ ప్రయాణమే. పక్కనే జూబ్లీ బస్ స్టేషన్. కరీంనగర్, నిజామాబాద్ వైపు వెళ్లేవారు ఒళ్లో కంప్యూటర్ పెట్టుకుని బస్సెక్కడం ఇక్కడ పాత దృశ్యమే. గతుకులకు రేడియేటర్‌కు వచ్చే ప్రమాదం తక్కువ, గట్టిగా బిగించి ఉంటుంది కాబట్టి. బరువైన గ్రాఫిక్స్ కార్డే వేలాడి సాకెట్ విరిగే వీలుంది. దాన్ని తీసి దాని పెట్టెలో విడిగా పెట్టుకోవాలి. అద్దం పలకకు అట్ట కట్టించుకోవాలి. ఇంటికెళ్లాక క్యాబినెట్‌ను నిలబెట్టి, బుడగలన్నీ పైకి చేరేలా కాసేపు వదిలేసి అప్పుడు స్విచ్ వేయాలి. గులగులమని కాసేపు చప్పుడొస్తే అమ్మ కంగారు పడకుండా ముందే చెప్పి ఉంచడం ఇంకా మంచిది!